పడవల ముక్కులు ఎటు తిరిగి ఉన్నాయి

ఆ శనివారం పొద్దున లేచింది మొదలు నెరైదా ఇంట్రియాగో ఒకే మనిషి చావుని మళ్ళీ మళ్ళీ చూస్తోంది.

తెర మీద, నది సముద్రంలో కలిసే మొగ. నీళ్ళ మధ్యలో ఒక ఫైబర్ బోటు. బోటు వెనక కొసన, ఇంజను పక్కనున్న బల్ల ముందు, ఎర్ర చొక్కా వేసుకున్న స్టాలిన్ అల్సీవర్ నిలబడి ఉంటాడు. కెమెరా వైపు తిరిగి, "మా అన్నని సముద్రంలోకి తోసినవాడి పేరు..." అని మొదలుపెడతాడు. అక్కడ ఆగిపోతాడు. తల వంచి కాళ్ళ దగ్గర ఏదో చూస్తాడు. మరుక్షణం నీళ్ళలోకి దూకేస్తాడు. అతని తల మునిగీ మునగకముందే బోటు పేలిపోతుంది. ఇక తెర నిండా పొగే.

సినిమా పేరు 'నా సముద్రం నాకిచ్చెయ్'. అందులో ఇది ఆఖరి షాట్. తీసింది మంగళవారం. ఆనాటి నుంచి స్టాలిన్ కనపడలేదు, శవమూ దొరకలేదు.

మనబీ తీరంలో స్టాలిన్ పేరు తెలియని ఇల్లు లేదు. చేపలు పట్టే కుర్రాడిగా మొదలై, పుంతా గార్సా ఊళ్ళో డైరెక్టర్ ఫుల్హెన్సియో మేరా తీసిన సినిమాల్లో హీరో అయ్యాడు. ఆ సినిమాలు పెద్ద హాళ్ళకి ఎప్పుడూ వెళ్ళలేదు. బస్సుల్లో, బార్లలో, సంతల్లో ఆడాయి. అందులో గుద్దులు నిజం గుద్దులే, పడవలు నిజం పడవలే. ఈ కొత్త సినిమాలో కథ కూడా నిజమే. జాలరుల పడవల మీద పడి ఇంజన్లు దోచుకునే ముఠా ఒకటి రెండేళ్ళ కిందట స్టాలిన్ అన్నని నడి సముద్రంలో నీళ్ళలోకి తోసేసింది. ముఠా నాయకుణ్ణి అందరూ బాగ్రె అంటారు. అసలు పేరు తెలిసినవాళ్ళు కొద్దిమందే, పైకి పలికినవాడు ఒక్కడూ లేడు. ఆఖరి షాట్‌లో స్టాలిన్ పలకబోయింది ఆ పేరే.

నెరైదాకి యాభై దాటాయి. ప్రాసిక్యూటర్ ఆఫీసులో దర్యాప్తు అధికారి. పుట్టింది ఇక్కడికి రెండు మొగల అవతల ఉన్న జాలరి పల్లెలో. ఈ కేసు మొదట ఆమెదే. కానీ పోయినవాడు పేరున్నవాడు కావడంతో కొండల మీది రాజధాని నుంచి కెప్టెన్ బొలీవర్ తెరాన్‌ని పంపారు. ఆయన ఇస్త్రీ చొక్కాతో దిగి, అందరినీ మర్యాదగా పలకరించి, సముద్రం మీద మూడు రోజులు గాలింపు చేయించి, ఇప్పుడు డైరెక్టర్ ఇంటి ముందు గదిలో కూర్చుని రిపోర్టు ముగిస్తున్నాడు. ఆయన లెక్కలో ఇది అజాగ్రత్త వల్ల జరిగిన మరణం, ముద్దాయి డైరెక్టర్.

షాట్ తీసేటప్పుడు అక్కడ ఉన్నది నలుగురే. మందుగుండు ఉంది కాబట్టి మిగతా అందర్నీ ముందే ఇళ్ళకి పంపేశారు. బోటులో స్టాలిన్, ఒడ్డున పెద్ద కెమెరా వెనక ఫుల్హెన్సియో, రెండో కెమెరా దగ్గర అతని భార్య, సినిమాకి ఎడిటర్ కూడా అయిన ఉబాల్దినా. నాలుగోవాడు లెనిన్ సబాందో. మందుగుండు పని అతనిది. మీట నొక్కింది కూడా అతనే.

నెరైదా తెర ఆపి, లెనిన్‌ని ఎడిటింగ్ గదిలోకి పిలిచింది.

అతని రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లున్నాయి. పేలుడు తర్వాత మంటల్లోకి ఈదుకెళ్ళి స్టాలిన్ కోసం వెతికినప్పుడు కాలాయట. ఆమె అడిగినవాటికి అతను నేల చూపులు చూస్తూ సమాధానాలు చెప్పాడు. అనుకున్న ప్రకారం స్టాలిన్ డైలాగు మొత్తం చెప్పాలి. ఆఖరి మాట పూర్తవగానే డైరెక్టర్ పైకెత్తిన చెయ్యి దించుతాడు. అప్పుడు లెనిన్ మీట నొక్కితే బోటు ముక్కులో పెట్టిన మందు పేలుతుంది. స్టాలిన్ వెనక కొసన ఉంటాడు కాబట్టి అతనికేమీ కాదు. పొగలో కాసేపు నిలబడి, తర్వాత దూకాలి.

"కానీ అతను డైలాగు మధ్యలోనే దూకేశాడు," అంది నెరైదా.

"అవును మేడమ్."

"దూకినవాణ్ణి చూసి కూడా నొక్కావా?"

"నేను బోటు వంక చూడలేదు. డైరెక్టర్ గారి చెయ్యి వంక చూస్తున్నాను. ఆయన దించారు, నేను నొక్కాను."

అది నమ్మదగిన మాటే. తగలబెట్టడానికి ఉన్నది ఒక్కటే బోటు. మనిషి ముందే దూకినా షాట్ పాడవకూడదని డైరెక్టర్ చెయ్యి దించేసి ఉంటాడు. సినిమా వాళ్ళకి ఆ పిచ్చి ఉంటుందని నెరైదా అనుకుంది.

"టైమెంత?"

"అయిదు," అన్నాడు లెనిన్.

ఆ ఒక్క సమాధానానికి మాత్రం అతను తడుముకోలేదు. ఫుల్హెన్సియో కూడా అయిదే అన్నాడు, ఉబాల్దినా కూడా అయిదే అంది. పోలీసులకి ఫోను వచ్చింది అయిదున్నరకి. అంతా అతికినట్టు సరిపోయింది. అతికినట్టు సరిపోయే సాక్ష్యాలంటే నెరైదాకి మొదటినుంచీ అనుమానమే.

బోటు శకలాన్ని ఒడ్డుకి లాగి, కొబ్బరి మట్టలు కప్పి ఉంచారు. నెరైదా మట్టలు తీయించి చుట్టూ తిరిగి చూసింది. ముక్కు భాగంలో పెద్ద కన్నం. దాని అంచులు కరిగి, మసిపట్టి ఉన్నాయి. అది లెనిన్ పెట్టిన మందు పని. సినిమా మందు, మంట ఎక్కువ, దెబ్బ తక్కువ. ఆమె వెనక్కి వెళ్ళి వంగి చూసింది. ఇంజను పక్కన బల్ల ఉండాల్సిన చోట ఇంకో కన్నం కనపడింది. దాని అంచులకి మసి లేదు. ఫైబరు దూది పింజల్లా చీలి, పోగులు పోగులుగా బయటికి వచ్చి ఉంది.

చిన్నప్పుడు తండ్రి పడవలో వెళుతూ, దొంగతనంగా చేపలు చంపేవాళ్ళ పడవలు కొన్ని ఇలా చీలిపోయి ఒడ్డుకి రావడం ఆమె చూసింది. డైనమైటు నీళ్ళలో పడకుండా చేతిలోనే పేలితే పడవకి పట్టే గతి ఇది.

కెప్టెన్ తెరాన్ ఇసకలో బూట్లు దిగబడకుండా జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చాడు. ఆమె రెండో కన్నం చూపించింది.

"పెట్రోలు ట్యాంకు పేలి ఉంటుంది," అన్నాడాయన.

"ట్యాంకు అదిగో, అక్కడ పడి ఉంది. ఒక పక్క కరిగింది, పగల్లేదు. ఇది డైనమైటు, కెప్టెన్ గారూ. స్టాలిన్ కాళ్ళ దగ్గర పెట్టారు. ముక్కులో మందుకీ దీనికీ ఒకటే తీగ కలిపి ఉంటారు. లెనిన్ ఒక్క మీట నొక్కితే రెండూ పేలాయి. స్టాలిన్ ఆ తీగ చూశాడు. అందుకే మాట మధ్యలో దూకాడు."

తెరాన్ మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు ఆ చీలికలు పరిశీలించాడు. తెలివితక్కువవాడు కాదు. లేచి చేతులు దులుపుకున్నాడు.

"మీరు చెప్పింది నిజమే కావచ్చు. ఇలాంటి సరుకు ఈ తీరంలో ఏ ఇంట్లో అడిగినా దొరుకుతుందట కదా. డైరెక్టరు దృశ్యం ఇంకాస్త ఘనంగా ఉండాలనుకున్నాడు, హీరోకి చెప్పకుండా పెట్టించాడు. అజాగ్రత్త కాస్తా నేరమయింది. నా రిపోర్టు మారదు, శిక్ష మాత్రం పెరుగుతుంది."

"ఒక పేరు బయటికి రాకూడదని చంపించి ఉండొచ్చుగా?"

"అది సినిమా డైలాగు, ఇంట్రియాగో గారూ. కోర్టులో డైలాగులు చెల్లవు. మీ కోస్తా వాళ్ళకి మాట ముందు, ఆలోచన వెనక అని మా అమ్మ అంటుండేది."

"మా అమ్మ కూడా కొండల మీద వాళ్ళ గురించి ఒక మాట అనేది. భోజనాల వేళ ఎందుకులెండి," అంది నెరైదా.

ఆయన కోపం తెచ్చుకోలేదు. తల కాస్త వంచి, వచ్చిన దారినే జాగ్రత్తగా వెళ్ళిపోయాడు. నెరైదాకి అదే ఒళ్ళు మండించింది.

ఆమె అక్కడే నిలబడి మొగ వంక చూసింది. ఊరి పడవలు నీళ్ళలో లంగరేసి ఉన్నాయి. ఒక్కొక్క దానికీ ముక్కుకి కట్టిన తాడొక్కటే ఆధారం. నీరు ఎటునుంచి వస్తే అటే ముక్కు తిప్పుకుని నిలబడతాయి, గాలికి ఎదురు తిరిగే కోడిపుంజుల్లా. ఇప్పుడు అవన్నీ నది వైపు చూస్తున్నాయి. అంటే నీరు నదిలోంచి సముద్రంలోకి పోతోంది. ఆటు.

ఆమె మెదడులో ఏదో కదిలింది. గబగబా డైరెక్టర్ ఇంటికి వెళ్ళి, ఎడిటింగ్ గదిలో తెర మీద అదే బొమ్మ మళ్ళీ వేసింది. ఈసారి స్టాలిన్ వంక చూడలేదు. అతని వెనక దూరంగా, మసకమసకగా కనపడుతున్న ఊరి పడవల వంక చూసింది. కాసేపు అలాగే కూర్చుని, తర్వాత గోడకి తగిలించిన క్యాలెండర్‌లో మంగళవారం పోటు వేళ చూసుకుంది. జాలరి ఊళ్ళో ఆ వేళలు లేని క్యాలెండర్ ఉండదు.

లేచి వంటగదిలోకి నడిచింది.

ఉబాల్దినా రోకలితో వేపిన అరటికాయ ముక్కలూ వేరుశెనగపప్పూ కలిపి దంచుతోంది. నలభై దాటిన మనిషి, చూపులో నిద్రలేమి. ముందు రోజు ఆమెని అడగవలసినవన్నీ అడగడం అయిపోయింది. స్టాలిన్ ఆ ఇంట్లో మనిషిలా మెలిగేవాడనీ, చిన్నప్పటి నుంచి చక్కెర జబ్బు ఉండటంతో పూటపూటా సూది వేసుకునేవాడనీ, ఆ మందు చెడకుండా ఇక్కడి ఫ్రిజ్‌లోనే పెట్టుకునేవాడనీ చెప్పింది. మంచినీళ్ళు తీసుకుంటానంటూ నెరైదా ఫ్రిజ్ తలుపు తెరిచింది. ఉబాల్దినా రోకలి ఆగింది.

గుడ్ల పక్కన ఇన్సులిన్ పెట్టె ఉంది. మందుల షాపువాడు అంటించిన చీటీ ఇంకా దాని మీదే ఉంది. చీటీ మీద తేదీ గురువారానిది.

"ఇది స్టాలిన్‌దా?"

"అవునక్కా. పారెయ్యడానికి చేతులు రాలేదు."

మంగళవారం పోయినవాడికి గురువారం మందు కొన్నారు. పెట్టెలో సగం సీసాలు లేవు. నెరైదా నీళ్ళు తాగింది, గ్లాసు కడిగి బోర్లించింది. ఉబాల్దినా ఆమె కళ్ళలోకే చూస్తోంది. ఇద్దరిలో ఎవరో ఒకరు నోరు తెరిచేవారే. సరిగ్గా అప్పుడు ముందు గదిలోంచి కెప్టెన్ గొంతు వినపడింది. ఇంట్లో ఉన్నవాళ్ళందరినీ రమ్మంటున్నాడు.

ఫుల్హెన్సియో మేరా గది మధ్యలో నిలబడి ఉన్నాడు. బక్కపలచటి మనిషి, నాలుగు రోజుల గడ్డం. తెరాన్ చేతిలో సంకెళ్ళు ఉన్నాయి. లెనిన్ గుమ్మం పక్కన గోడకి ఆనుకున్నాడు. మందుగుండుని అనుమతి లేకుండా వాడి ఒక మనిషి మరణానికి కారణమైనందుకు అరెస్టు చేస్తున్నానని తెరాన్ చదువుతున్నట్టుగా చెప్పాడు. ఫుల్హెన్సియో రెండు చేతులూ ముందుకి చాపాడు.

నెరైదా చూపు అప్పుడు ఉబాల్దినా మీద పడింది. ఆమె ఏడవలేదు, అడ్డం రాలేదు. బిగబట్టిన ఊపిరి మెల్లగా వదిలింది. షాక్‌లో ఉందని నెరైదా అనుకుంది. ఆ అనుకోవడమే ఆమె చేసిన పొరపాటు. ఆమె ఆలోచన అంతా సంకెళ్ళ మీదా, వాటిని పట్టుకున్న మనిషి మీదా ఉంది. తప్పు చేయనివాణ్ణి తీసుకుపోతున్నారు. దాన్ని ఆపే మాట తన నాలుక మీద ఉంది.

"కెప్టెన్ గారూ, అవి ఒక్క నిమిషం ఆపండి."

"కారణం?"

"చచ్చిపోని మనిషిని చంపాడని కేసు పెడితే రేపు కోర్టులో నవ్వుతారు. మీతో కలిపి నన్ను కూడా."

తెరాన్ సంకెళ్ళు బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని, ఆమెకి ఎదురు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

మంగళవారం పోటు ఎప్పుడు నిండిందని ఆమె అడిగింది. నాలుగింటికని తెరాన్ చెప్పాడు. ఆయన దగ్గర కూడా వేళల పట్టిక ఉంది. షాట్ అయిదింటికి తీశారు. అప్పటికి ఆటు మొదలై గంటయింది, నీరు సముద్రంలోకి లాగుతుంది, అందుకే గాలింపు సముద్రంలో చేయించానన్నాడు. లెక్క తప్పు పట్టడానికి లేదు.

"లెక్క బాగుంది. కానీ బొమ్మలో పడవలు మీ లెక్క వినడం లేదు," అంది నెరైదా. "స్టాలిన్ వెనక లంగరేసిన పడవలున్నాయి. ముక్కులన్నీ సముద్రం వైపు తిరిగి ఉన్నాయి. పడవ ఎప్పుడూ వచ్చే నీటికే ముక్కు పెడుతుంది. అంటే అప్పటికి నీరు సముద్రంలోంచి లోపలికి వస్తోంది. పోటు ఇంకా నిండలేదు. షాట్ తీసింది నాలుగు కాకముందే."

తెరాన్ లేచి ఎడిటింగ్ గదిలోకి వెళ్ళాడు. తెర ముందు నిలబడి చూసి తిరిగి వచ్చాడు. ముఖంలో మార్పు లేదు గానీ, మళ్ళీ కూర్చోలేదు.

"అయితే గంటన్నర పాటు వీళ్ళు ఎవరికీ ఫోను చెయ్యలేదు," అన్నాడు.

"పైగా ముగ్గురూ ఒకే అబద్ధం చెప్పారు. ఈ మొగలో పుట్టి పెరిగినవాళ్ళకి ఆటుకీ పోటుకీ తేడా తెలియదంటే నేను నమ్మను. మిమ్మల్ని సముద్రం మీదికి పంపించడానికే ఆ అయిదు. పోటు మీద మునిగినవాడు లోపలికి కొట్టుకుపోతాడు. మడ అడవిలోకి. అక్కడ మీరు ఒక్క రోజు కూడా వెతకలేదు."

"శవాన్ని దాచడానికేమో."

"శవానికి ఇన్సులిన్ ఎందుకండీ?"

ఆమె వంటగదిలోంచి పెట్టె తెచ్చి, చీటీ కనపడేలా బల్ల మీద పెట్టింది. తెరాన్ తేదీ చదివాడు. పెట్టె తెరిచి ఖాళీలు చూశాడు. తర్వాత ఆమె వంక చూసి, మొదటిసారిగా, ఏ వ్యంగ్యమూ లేకుండా తల పంకించాడు. నాలుగు రోజులుగా నెరైదా ఎదురుచూసింది ఆ తల పంకింపు కోసమే. అది ఆమెకి చాలా బాగుంది.

"స్టాలిన్ బతికే ఉన్నాడు," అంది. "బాగ్రె మనుషులెవరో అతని కాళ్ళ కింద డైనమైటు పెట్టారు. అది తెలిసి, వీళ్ళు చచ్చిపోయాడని పుకారు పుట్టించి దాచారు. చట్టం ఒప్పుకోదు గానీ, స్నేహితుడి కోసం ఎవరైనా అదే చేస్తారు."

ఫుల్హెన్సియో కుర్చీలో కూలబడ్డాడు. ముఖం చేతుల్లో దాచుకుని భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. ఆ ఏడుపు నటన కాదు. నాలుగు రోజులుగా మనిషిని తినేస్తున్నదేదో బయటికి వస్తున్న ఏడుపు. తర్వాత తలెత్తి భార్య వంక చూశాడు.

"నాకెందుకు చెప్పలేదే? ఎక్కడ ఉన్నాడు?"

"నాకు తెలీదు," అంది ఉబాల్దినా నేల వంక చూస్తూ.

అతను లెనిన్ వంక తిరిగాడు. లెనిన్ కట్లు కట్టిన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఫుల్హెన్సియో కాసేపు ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు కిటికీలోంచి బయటికి చూశాడు. ముఖం కడుక్కుని, చర్చిలో ఒక కొవ్వొత్తి వెలిగించి వస్తానని, అభ్యంతరం లేకపోతేనే అని, కెప్టెన్‌ని అడిగాడు. మనిషి చావకపోతే మరణానికి ముద్దాయి ఉండడు. తెరాన్ నియమం తప్పని మనిషి. బల్ల మీది సంకెళ్ళు తీసి జేబులో పెట్టుకుని, వెళ్ళమన్నాడు.

ఫుల్హెన్సియో పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. అతని వెనకే వెళ్ళి చూడమని ఉబాల్దినా లెనిన్‌కి సైగ చేసింది. ఇద్దరి అడుగుల చప్పుడూ దూరమయ్యాక ఆమె నెరైదా వైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

"అక్కా, నువ్వు తెలివైనదానివే. కానీ ఆ మాట వంటింట్లో నా ఒక్కదాని చెవిలో చెప్పి ఉండాల్సింది."

"ఎవరి నుంచి దాచారు?" అని తెరాన్ అడిగాడు.

"నా మొగుడి నుంచి."

ఆమె రోకలి పట్టిన చేతిని గౌనుకి తుడుచుకుంటూ చెప్పుకొచ్చింది. మంగళవారం పొద్దున వెలుతురు ఎలా పడుతుందో చూసి వస్తానని ఫుల్హెన్సియో ఆ బోటు ఒక్కడే తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం బోటు పేలినప్పుడు, ఒక్క మందే పెట్టిన లెనిన్‌కి రెండు దెబ్బలు వినపడ్డాయి. అతను ఈదుకుంటూ వెళ్ళి స్టాలిన్‌ని మడచెట్ల వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. చెవుల్లోంచి రక్తం కారుతోంది గానీ స్పృహలో ఉన్నాడు. బల్ల కింద తీగ ఉందనీ, అది ఎడిటింగ్ గదిలో వాడే పచ్చ తీగ అనీ అతనే చెప్పాడు. లెనిన్ వచ్చి ఆ మాట ఆమె చెవిలో వేశాడు. మనం ముందు వెతుకుదాం, దొరక్కపోతే అప్పుడు ఫోను చేద్దాం, ఆలస్యం చేశామని అనకుండా అయిదింటికి తీశామని చెబుదాం అని ఆమె మొగుడితో అంది. అతను వెంటనే ఒప్పుకున్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకే ఆమెకి అనుమానం గట్టిపడింది.

"ఎందుకు చేశాడు?" అంది నెరైదా. సమాధానం వినాలని లేదు ఆమెకి.

"బుధవారం ఆయన కెమెరా సంచీలో ఒక ఫోటో దొరికింది. గ్వయాకీల్ పట్నంలో మా అమ్మాయి నర్సింగు చదువుతోంది. హాస్టలు గేటు దగ్గర నిలబడి ఐస్‌క్రీం తింటోంది ఫోటోలో. అది మేం తీసింది కాదు. దాని మీద ఒక్క అక్షరం రాసి లేదక్కా. రాయాల్సిన పని లేదు కదా."

ఉబాల్దినా బల్ల మీది ఇన్సులిన్ పెట్టె మూత మూసింది.

"ఆయన చెడ్డవాడు కాదు. స్టాలిన్‌ని తమ్ముడిలా చూసుకున్నాడు. కానీ కూతురా, తమ్ముడా అంటే..." ఆమె ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. "మీకు చెబుదామనే అనుకున్నాను. ఫోటో తీసినవాడు ఇంకా ఆ గేటు దగ్గరే ఉంటే? మీరు ఈయన్ని జైల్లో పెడితే అమ్మాయీ స్టాలిన్ ఇద్దరూ బతికేవాళ్ళు. స్టాలిన్ చచ్చాడని బాగ్రె మనుషులు నమ్మారు, ఈయన పని చేసి పెట్టాడని నమ్మారు. సంకెళ్ళు వేయబోతుంటే దేవుడు కరుణించాడనుకున్నాను."

నెరైదా తలుపు చట్రం పట్టుకుంది. తాను విప్పిన ముడి ఏదో, ఎవరి ముందు విప్పిందో ఇప్పుడు ఆమెకి పూర్తిగా అర్థమైంది. ఆ ముడి వేసిన లెనిన్ చేతులకి మందు పేల్చడంలో ఎంత నేర్పుందో, మనిషి ప్రాణాన్ని కాపాడటంలో అంతకన్నా ఎక్కువుంది. తనకి మాత్రం నాలుగు రోజులుగా ఒక్క తల పంకింపే కావలసి వచ్చింది.

తెరాన్ అప్పటికే ఫోను తీశాడు. గ్వయాకీల్‌లో ఎవరితోనో తగ్గు స్వరంతో, ముక్తసరిగా మాట్లాడాడు. హాస్టలు పేరూ, అమ్మాయి పేరూ ఉబాల్దినాని అడిగి చెప్పాడు. యూనిఫారం లేని మనుషులని, అది కూడా ఆడవాళ్ళని పంపమన్నాడు. ఫోను పెట్టేసి నెరైదా వంక చూశాడు. ఆమె ఆయన్నుంచి ఏ మాటయినా పడటానికి సిద్ధంగా ఉంది.

"మీరు చెప్పారు, నేను అతన్ని వెళ్ళనిచ్చాను," అన్నాడాయన. "దీన్ని తర్వాత పంచుకుందాం. స్టాలిన్ ఎక్కడున్నాడు?"

నది పాయలో చాలా లోపల, వదిలేసిన రొయ్యల చెరువుల దగ్గర, ఒక కాపలా పాకలో ఉన్నాడని ఉబాల్దినా చెప్పింది. చెవులు ఇంకా సరిగ్గా వినపడటం లేదు. ఎవరైనా పడవ మీద వచ్చినా అతనికి తెలియదు. రోజూ లెనిన్ వెళ్ళి అన్నమూ మందూ ఇచ్చి వస్తున్నాడు.

"ఆ పాక సంగతి మీ ఆయనకి తెలుసా?" అంది నెరైదా.

"మా మొదటి సినిమా తీసింది అక్కడే. పాయలన్నీ తిరిగి ఆ పాకని వెతికి పట్టుకున్నది ఆయనే."

పెరటి వైపు నుంచి ఇంజను మొదలైన చప్పుడు వినపడింది. ముగ్గురూ ఒకేసారి గుమ్మం దాటారు. రేవుకి వెళ్ళే బాట మీద నెరైదా మోకాళ్ళ నొప్పి మరిచిపోయి పరిగెత్తింది. కెప్టెన్ ఇసకనీ బురదనీ చూసుకోకుండా ఆమె పక్కనే పరిగెత్తాడు.

రేవు చెక్కల మీద లెనిన్ బోర్లా పడి ఉన్నాడు. చెవి వెనక దెబ్బ తగిలింది. ఊపిరి ఉంది. అతన్ని తిప్పి కూర్చోబెడితే, తెడ్డుతో కొట్టాడని మాత్రం చెప్పగలిగాడు. ఫుల్హెన్సియో పడవ అప్పటికే పాయ మొదటి మలుపు దాటుతోంది. వెనక్కి చూడకుండా నిలబడి నడుపుతున్నాడు. అతని కాళ్ళ దగ్గర, తడవకుండా టార్పాలిన్‌లో చుట్టిన మూట ఒకటి ఉంది. ఈ తీరంలో డైనమైటుని అలాగే చుట్టి పడవల్లో పెడతారు.

"ఆ పాయలు నాకు తెలుసు, నేను నడుపుతాను," అంటూ నెరైదా దగ్గర్లో ఉన్న పడవలోకి దిగి ఇంజను తాడు అందుకుంది. లాగింది. ఇంజను దగ్గి ఆగిపోయింది. మళ్ళీ లాగబోతుంటే తెరాన్ ఆమె మణికట్టు పట్టుకుని ఆపి, కిందికి చూపించాడు.

ట్యాంకు నుంచి ఇంజనుకి వెళ్ళే పెట్రోలు గొట్టం నున్నగా కోసి ఉంది. ఆమె పక్క పడవలోకి చూసింది. దానికీ అంతే. ఆ అవతలి దానికీ అంతే. తెగిన కొసల్లోంచి పెట్రోలు ఇంకా చుక్కలు చుక్కలుగా నీళ్ళలోకి పడుతూ, రంగురంగుల పొరగా రేవంతా పరుచుకుంటోంది.